రొయ్యల చెరువు, రైన్ నది

నిజాంపేటలో పొద్దున్నే నడకకి వెళ్తే ఎవరి పిల్లలు ఏ దేశంలో ఉన్నారో అరగంటలో తెలిసిపోతుంది. మేం ఇక్కడ ఫ్లాటు కొనుక్కుని పదహారేళ్లు దాటింది. వచ్చిన కొత్తలో ఆ సంగతి అడగాల్సిన పనే ఉండేది కాదు. 'అబ్బాయి బయట ఉంటున్నాడు' అంటే అమెరికాలో ఉంటున్నాడనే. డల్లాసా, న్యూజెర్సీనా అన్నదొక్కటే తేలాల్సింది. పక్కనే హైటెక్ సిటీలో రాత్రి షిఫ్టులు, ఆదివారం ఫోన్లు, ఆఖరికి సంబంధాలు మాట్లాడుకోవడం కూడా అమెరికా గడియారం ప్రకారమే నడిచేవి. ఇప్పుడు అదే బెంచీ మీద కూర్చుంటే మ్యూనిక్, డబ్లిన్, ఆమ్‌స్టర్‌డామ్ వినిపిస్తున్నాయి. జేఎన్‌టీయూ నుంచి లోపలికి వచ్చే రోడ్డులో, టిఫిన్ సెంటరుకీ కర్రీ పాయింటుకీ మధ్య జర్మన్ నేర్పుతామంటూ బోర్డు కూడా వెలిసింది.

2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బి దరఖాస్తులకి లక్ష డాలర్ల రుసుము అని ప్రకటించిన రోజు మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఎవరూ నిద్రపోలేదు. 'లక్ష రూపాయలేమో, సరిగ్గా చదవండి' అని ఒక పెద్దావిడ మూడుసార్లు అడిగారు. మర్నాడు నడకలో అందరిదీ ఒకటే మాట... అన్నీ ఒకే దేశం మీద పెట్టుకుని కూర్చున్నాం కదా అని.

మా ఇంట్లో ఆ ఆలోచన కాస్త ముందే మొదలైంది. మాకు తెలివి ఎక్కువై కాదు, డబ్బు తక్కువై. 2019లో మా అమ్మాయి ఎమ్మెస్ అన్నప్పుడు అమెరికా ఫీజులు చూసి నేను గతుక్కుమన్నాను. "జర్మనీలో ఫీజు నామమాత్రం నాన్నా" అంది. తీరా చూస్తే అది చేరింది బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో. యూరప్ బయటి విద్యార్థుల దగ్గర ఆ ఒక్క రాష్ట్రం 2017 నుంచి సెమిస్టర్‌కి 1,500 యూరోలు తీసుకుంటోంది. అయినా అమెరికాతో పోలిస్తే పెద్ద లెక్క కాదు. బంధువులు మాత్రం పెదవి విరిచారు. అక్కడ మనవాళ్లెవరున్నారు, ఆ భాష ఎప్పటికి వస్తుంది, సంబంధాలెలా... ఇలా. ఇప్పుడు వాళ్లే ఫోన్ చేసి 'ఆ ఖాతాలో డబ్బు చూపించాలంట కదా, ఎంత?' అని అడుగుతున్నారు. 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు అని నోటికి వచ్చేసింది నాకు. 2022-23 చదువుల ఏడాదికే జర్మనీలోని విదేశీ విద్యార్థుల్లో చైనావాళ్లని దాటి మనవాళ్లు మొదటి స్థానానికి వెళ్లారు.

2025 జూన్‌లో మా ఆవిడా నేనూ అమ్మాయి దగ్గరికి వెళ్లాం. బ్యాంకు స్టేట్‌మెంట్లు, 30 వేల యూరోలకి ఇన్సూరెన్సు, మూడు సెట్ల జిరాక్సులు నా వాటా. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణాలు మా ఆవిడ వాటా. ఇంతా చేస్తే చేతికొచ్చింది పాస్‌పోర్టులో ఒక్క స్టిక్కరు. దాంతో 29 దేశాలు తిరగొచ్చు అంటే, ముప్పై ఏళ్లు బ్యాంకులో సంతకాలు సరిచూసిన నాకు నమ్మబుద్ధి కాలేదు.

అమ్మాయి ఉండేది కార్ల్స్‌రూహెలో. ఓ శనివారం మమ్మల్ని రైల్లో కేల్ అనే చిన్న ఊరికి తీసుకెళ్లి, అక్కడ ట్రామ్ ఎక్కించింది. కూరగాయల సంచులతో ముసలమ్మలు, సైకిలు పట్టుకున్న కుర్రాడు, నిద్రపోతున్న పసిపిల్ల... మన మియాపూర్ మెట్రోలో లాగానే జనం. ట్రామ్ రైన్ నది మీద వంతెన ఎక్కి దిగింది. "ఇప్పుడు ఫ్రాన్సులో ఉన్నాం నాన్నా" అంది అమ్మాయి. గేటు లేదు, బోర్డు ఎక్కడుందో నేను చూడలేదు. ఫోనుకి ఏదో మెసేజ్ వచ్చింది, అంతే. మా ఆవిడ మాత్రం వంతెన మీద పైసలు వేయడానికి కిటికీ తెరుచుకోదేమిటని చూసుకుంటోంది. గోదావరి దాటినప్పటి అలవాటు.

ఆ ట్రామ్ దిగే స్ట్రాస్‌బర్గ్ నగరం కథ వింటే ఆ వంతెన విలువ తెలుస్తుంది. 1871లో అది జర్మనీ చేతికి వెళ్లింది. 1918లో ఫ్రాన్సుకి వచ్చింది. 1940లో మళ్లీ జర్మనీ ఆక్రమించింది. 1944లో మళ్లీ ఫ్రాన్సు. అంటే డెబ్బై అయిదేళ్లు బతికిన మనిషి తన వీధి దాటకుండానే నాలుగుసార్లు దేశం మారి ఉంటాడు. బళ్లో భాష మారింది, నోట్లు మారాయి, తండ్రి ఒక సైన్యంలో, కొడుకు ఇంకో సైన్యంలో పనిచేసిన ఇళ్లూ ఉంటాయి. అలాంటిచోట ట్రామ్ నడవడం 2017 ఏప్రిల్‌లో మొదలైంది.

దీనికి మొదట వేసిన పునాది ఆశ్చర్యంగా ఉంటుంది. స్నేహం, సోదరభావం అని ఉపన్యాసాలతో ఆగిపోలేదు. 1950 మే 9న ఫ్రాన్సు విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్ చెప్పింది బొగ్గు గురించి, ఉక్కు గురించి. ఫిరంగులు తయారవ్వాలంటే ఆ రెండూ కావాలి. వాటిని ఉమ్మడి అజమాయిషీలో పెడితే ఒకడికి తెలియకుండా ఇంకొకడు యుద్ధానికి సిద్ధం కాలేడని ఆ ఆలోచన. 1951లో ఆరు దేశాలు సంతకాలు చేశాయి. అక్కణ్నుంచి 1957లో రోమ్ ఒప్పందం, 1985లో షెంగెన్... ఆ పేరుగలది లక్సెంబర్గ్‌లో ఓ పల్లెటూరు, సంతకాలు చేసింది మోసెల్ నదిలో ఆగిన పడవ మీద. 2002లో యూరో నోట్లు. అన్నదమ్ముల మధ్య పొలం గట్టు తగాదా వస్తే ముందు నీటి వంతులు తేల్చమనేవారు మా తాతగారు, ప్రేమలు తర్వాత చూసుకోవచ్చని. షూమన్‌గారిదీ అదే పద్ధతి.

అయితే ఈ కథలో అంతా పూలబాటే అనుకోవద్దు. తిరిగొచ్చేటప్పుడు కేల్‌లో ఇద్దరు పోలీసులు ట్రామ్ ఎక్కి పెట్టెలో అందరి కాగితాలూ చూశారు. మర్యాదగానే చూశారనుకోండి. వలసల గొడవ పెరిగి 2024 సెప్టెంబరు 16 నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటా తనిఖీలు పెట్టింది. అంతకుముందు 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడైతే ఈ సరిహద్దుని దాదాపు మూసేశారు. అవతలి ఒడ్డున ఉద్యోగం, ఇవతలి ఒడ్డున ఇల్లు ఉన్నవాళ్లు నానా అవస్థా పడ్డారు. జూన్ మధ్యకి గాని మామూలు కాలేదు. ఇది మనకి తెలియని బాధేం కాదు. 2021 మేలో కర్నూలు దాటాక పుల్లూరు దగ్గర ఆంధ్రా నుంచి వచ్చే అంబులెన్సుల్ని ఆపితే తెలంగాణ హైకోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది. ఒకే దేశం, ఒకే భాష, అయినా అంతే. గీత చెరిగిపోయిందనుకుంటాం. భయం వేసినప్పుడు మళ్లీ అక్కడే కనిపిస్తుంది.

స్ట్రాస్‌బర్గ్‌లో యూరప్ పార్లమెంటు భవనం ముందు మేం ఫొటో దిగాం. పెద్ద అద్దాల కట్టడం. అందులో 24 భాషల్లో మాట్లాడొచ్చు, అన్నీ అన్నిటిలోకీ తర్జుమా అవుతాయి. సభ్యులు మామూలుగా పనిచేసేది బ్రస్సెల్స్‌లో. నెలకోసారి నాలుగు రోజులకి పెట్టేబేడా సర్దుకుని ఇక్కడికి రావాలి. ఆ ఖర్చు గురించి అక్కడివాళ్లే విసుక్కుంటారట. మార్చాలంటే అన్ని దేశాలూ ఒప్పుకోవాలి, ఫ్రాన్సు ఒప్పుకోదు. విదేశాంగ విధానంలోనూ అదే తంటా. అందులో చాలా నిర్ణయాలకి 27 దేశాలూ సరే అనాల్సిందే. డబ్బు విషయాల్లో కొన్నిటికీ అంతే. 2023 డిసెంబరులో ఉక్రెయిన్‌కి 50 బిలియన్ యూరోల సాయం ఇద్దామంటే హంగరీ ఒక్కటే అడ్డం పడింది. మళ్లీ 2024 ఫిబ్రవరికి గాని ఒప్పుకోలేదు.

ఇది విన్నప్పుడు నాకు మా అసోసియేషన్ మీటింగు గుర్తొచ్చి నవ్వొచ్చింది. లిఫ్టు మార్చాలంటే గ్రౌండ్ ఫ్లోరువాళ్లు డబ్బివ్వనంటారు. అసలు మా నిజాంపేటే ఓ చిన్న యూరప్. గుంటూరు, గోదావరి, కరీంనగర్, కర్నూలు, మధ్యలో ఒడిశావాళ్లు, బెంగాలీలు. 2019లో నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ పంచాయతీల్ని కలిపి కార్పొరేషన్ చేశారు. 2025 డిసెంబరులో దాన్ని తీసుకెళ్లి గ్రేటర్ హైదరాబాద్‌లో కలిపారు. కలిసినప్పుడల్లా మేం అడిగింది రెండే. పన్ను ఎంత పెరుగుతుంది? డ్రైనేజీ పొంగితే ఫోన్ ఎవరికి చెయ్యాలి? బ్రిటన్ ప్రజలు 2016 జూన్‌లో విడిపోదామని ఓటేసిందీ ఇంచుమించు ఇలాంటి విసుగుతోనే అనిపిస్తుంది నాకు. మా పైసలు ఎటు పోతున్నాయి, మా నిర్ణయాలు ఎవరో ఎందుకు చేస్తున్నారు అని. 2020 జనవరి 31న బయటికి వెళ్లిపోయారు. తమాషా ఏమిటంటే దానివల్ల కొన్నాళ్లు మనవాళ్లకి మేలే జరిగింది. యూరప్ నుంచి పనివాళ్లు తగ్గేసరికి 2021 నుంచి బ్రిటన్ మనలాంటివాళ్లకి వీసాలు ఎక్కువిచ్చింది. మా మేనల్లుడు అలా వెళ్లినవాడే. 2024 వచ్చేసరికి చదువుకునేవాళ్లలో చాలామందికి కుటుంబాన్ని తెచ్చుకోవద్దన్నారు, ఉద్యోగాలకి కనీస జీతం ఏడాదికి 26,200 పౌండ్ల నుంచి 38,700కి పెంచేశారు.

అమ్మాయి అద్దెకుండే ఇంటి యజమానురాలు ఓ పెద్దావిడ. 2022 చలికాలం గురించి చెప్పింది. అమ్మాయే తర్జుమా చేసింది. యుద్ధానికి ముందు జర్మనీ దిగుమతి చేసుకునే గ్యాసులో సగానికి పైగా, 55 శాతం దాకా, రష్యా నుంచే వచ్చేది. చవక, గొట్టాల్లో నేరుగా వస్తుంది, ఇంక వేరే ఆలోచన ఎందుకనుకున్నారు. రష్యా ఉక్రెయిన్ మీదకి వెళ్లిన ఏడాదిలోనే ఆ గొట్టాలు మూతపడ్డాయి, కొన్ని సముద్రం అడుగున పేలిపోయాయి. ఆ చలికాలం ఆవిడ ఒక్క గదిలోనే హీటరు వేసుకుని, మిగతా ఇంట్లో స్వెట్టరు మీద స్వెట్టరు తొడుక్కుని తిరిగిందట. అంత పెద్ద దేశం, అన్ని లెక్కలు తెలిసినవాళ్లు, అయినా వెచ్చదనం కోసం సగానికి పైగా ఒక్క ఇంటి మీదే ఆధారపడ్డారు.

మేం తిరిగొచ్చిన రెండు నెలలకే ఆ పాఠం మా ఊరి చెరువు గట్టు మీదకి వచ్చింది.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. వరి పొలం మా తమ్ముడి చేతిలో రొయ్యల చెరువైంది. అయిదెకరాలు, అందులో నా వాటా కూడా ఉంది. దేశంలో సాగయ్యే రొయ్యలో సింహభాగం ఆంధ్రాదే. మన రొయ్యని అందరికన్నా ఎక్కువగా కొనేది అమెరికా. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతం చేసింది. అందులో సగం, అంటే 25 శాతం, మనం రష్యా చమురు కొంటున్నందుకు వేసిన శిక్ష. వనామీ వేసి మూడు నెలలైన చెరువు అది. రొయ్య పట్టుబడికి వచ్చింది. కొనేవాళ్లు కౌంటుకి కౌంటు రేటు తగ్గించేశారు. పట్టకుండా ఆపుదామంటే మేత ఖర్చు, ఏరేటర్ల కరెంటు బిల్లు, తెల్లమచ్చ రోగం భయం. తమ్ముడు ఫోన్ చేసి, "అన్నయ్యా, రష్యా ఆయిలు నా మోటారులో కూడా పోయలేదు గదా, నాకెందుకు జరిమానా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నిజాంపేట బంకులో పెట్రోలు చెప్పుకోదగ్గంత తగ్గిందీ లేదు మరి.

ఢిల్లీ చేసింది తప్పని నేను అనను. రష్యా దగ్గర చమురు, ఫ్రాన్సు దగ్గర విమానాలు, అమెరికాకి సాఫ్ట్‌వేరు... ఎవరి జట్టులోనూ పూర్తిగా చేరకుండా అందరితోనూ పని చేసుకోవడం మనకి పాతకాలం నుంచీ ఉన్న దారి. దాన్ని గట్టిగా పరీక్షకి పెట్టిన కాలంలో కుర్చీలో ఉన్నది మన తెలుగాయనే. పీవీ నరసింహారావు ప్రధాని అయిన ఆర్నెల్లకే, 1991 డిసెంబరులో, సోవియట్ యూనియన్ లేకుండా పోయింది. అప్పటిదాకా ఆయుధాలకీ, ఐక్యరాజ్యసమితిలో అండకీ మనకున్న పెద్ద ఇల్లు అది. దానికి ముందే, సెప్టెంబరులో, ఆయన జర్మనీ వెళ్లొచ్చారు. 1992 జనవరిలో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు కలిపారు. అదే నెలలో పాలస్తీనా నేత యాసర్ అరాఫత్‌ని ఢిల్లీలో ఆహ్వానించి మరీ ఆ పని చేశారు. 1993 సెప్టెంబరులో చైనాతో సరిహద్దు శాంతి ఒప్పందం, అదే నెలలో ఇరాన్ పర్యటన. ఆ డిసెంబరులో యూరప్ సమాజంతో సహకార ఒప్పందం. 1994 మేలో వాషింగ్టన్, జూన్ ఆఖరికి మాస్కో. ఆయన గురించి వేరే విషయాల్లో ఎన్ని వాదనలున్నా, ఈ వరస చూస్తే మా నడక బృందంలో అందరం ఒక్క నిమిషం నోరు మూసుకుంటాం. మెహదీపట్నం మీదుగా విమానాశ్రయానికి వెళ్తే పదకొండు కిలోమీటర్ల పైచిలుకు పొడవున్న వంతెనకి ఆయన పేరే ఉంది. పిల్లల్ని సాగనంపడానికి వెళ్తూ ఎన్నిసార్లు దాని మీద ప్రయాణం చేశామో.

కానీ తూకం రెండు వైపులా సరిగ్గా నిలబెట్టడానికి ఖర్చవుతుంది. ఆ ఖర్చు ఎవరి ఇంట్లోంచి వెళ్తోందో కూడా చూడాలి కదా. విదేశాంగ శాఖ చేసిన నిర్ణయానికి భీమవరంలో రొయ్యల రైతు సుంకం కట్టినప్పుడు, ఆ రైతుకి ఇంకో బజారు చూపించే బాధ్యత కూడా అదే విధానంలో భాగం అవ్వాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఆ బజారు కొంత తెరుచుకుంటోంది. 2025 సెప్టెంబరులో యూరప్ మన దేశంలో మరో 102 చేపలు, రొయ్యల ఎగుమతి యూనిట్లకి అనుమతి ఇచ్చింది. 2007లో మొదలై, 2013లో ఆగిపోయి, 2022లో మళ్లీ కదిలిన వాణిజ్య చర్చలు 2026 జనవరి 27న ఢిల్లీలో ముగిశాయని ప్రకటించారు. సముద్ర ఉత్పత్తుల మీద 26 శాతం దాకా ఉన్న సుంకాలు పోతాయన్నారు. పాలు, పాల ఉత్పత్తుల్ని మాత్రం మనం బయటే ఉంచాం. మా కింది ఫ్లాటు కుర్రాడికి ఇవేవీ పట్టలేదు. 110 శాతం దాకా ఉన్న కార్ల సుంకం కోటా మేరకు మెల్లగా 10 శాతానికి దిగుతుందన్న వాక్యం మాత్రం పదిసార్లు చదువుకున్నాడు. అయితే చర్చలు ముగియడం వేరు, అమలు వేరు. దానికి యూరప్ పార్లమెంటు ఓటు వెయ్యాలి. అంటే మేం ఫొటో దిగి వచ్చిన ఆ అద్దాల భవనంలోనే! తమ్ముడికి ఆ ఫొటో పంపించాను. "ఇందులో మన రొయ్య గురించి మాట్లాడతారా?" అని రెండుసార్లు అడిగాడు.

27 దేశాలు ఒకే బజారు అవ్వడంలో మేలూ కష్టమూ రెండూ అక్కడే ఉన్నాయి. ఒక రేవులో సరుకు దిగి పరీక్ష నెగ్గితే ఆ బజారంతా మనదే. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి మందుల ఛాయ కనిపించిందో, ఆ ఒక్క రేవు నుంచి మిగతా దేశాలన్నిటికీ కబురు వెళ్లిపోతుంది. మన సాగు రొయ్య సరుకులో సగాన్ని సరిహద్దులో పరీక్షించాలని 2016లోనే నియమం పెట్టారు. అంతకుముందు అది పది శాతం. తమ్ముడు ఓ ఎగుమతి యూనిట్‌కి వెళ్లి కనుక్కుని వచ్చాడు. "అమెరికా వాడు రేటు అడుగుతాడు అన్నయ్యా, ఈళ్లు చెరువు జాతకం అడుగుతారు" అన్నాడు. సీడు ఏ హేచరీది, మేత ఏ కంపెనీది, ఏ రోజు ఏం చల్లావు... అన్నీ రాసి ఉండాలి. ఇప్పటిదాకా వాడి లెక్కలు క్యాలెండరు వెనక పెన్సిలుతో రాసుకున్నవి. వాళ్లబ్బాయి ఇప్పుడు పుస్తకం పెట్టాడు. ఈ పంటకి అయిదెకరాల్లో రెండెకరాలు చేపకి మార్చారు. అది కోల్‌కతా లారీ ఎక్కుతుంది. దానికి ఏ దేశం సుంకమూ లేదు, రొయ్యంత డబ్బూ రాదు.

ఇక మా అమ్మాయి సంగతి. జర్మనీ వెళ్లి ఆరేళ్లు దాటింది. భాష కష్టపడి నేర్చుకుంది. బ్లూ కార్డు ఉన్నవాళ్లకి బి1 స్థాయి జర్మన్ వస్తే 21 నెలలకే శాశ్వత నివాసం ఇస్తారు, అదీ అయిపోయింది. అమెరికాలో మా పక్క ఫ్లాటువాళ్ల అబ్బాయి గ్రీన్ కార్డు క్యూలో ఇంకా ఎన్నేళ్లు నిలబడాలో తెలియక, ఇల్లు కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్నాడు. ఆ విధంగా చూస్తే మావాళ్ల నిర్ణయం మంచిదే. కానీ ఇప్పుడు పౌరసత్వం ప్రశ్న వచ్చింది. 2024 జూన్ నుంచి జర్మనీలో అయిదేళ్ల నివాసంతో దరఖాస్తు చేసుకోవచ్చు, పాత పౌరసత్వం వదులుకోమని వాళ్లు అడగరు. మన చట్టం మాత్రం ఒప్పుకోదు. అక్కడి పాస్‌పోర్టు తీసుకున్న క్షణం ఇక్కడిది పోతుంది. జర్మనీ పౌరురాలైతే 27 దేశాల్లో ఎక్కడైనా ఉద్యోగం చెయ్యొచ్చు. ఇప్పుడున్న కార్డుతో రైన్ దాటి స్ట్రాస్‌బర్గ్‌లో షాపింగ్ చేసుకోవచ్చు గానీ, అక్కడ ఉద్యోగంలో చేరాలంటే మళ్లీ ఫ్రాన్సు కాగితాలు కావాలి. పౌరురాలైతే ఆ పార్లమెంటుకి ఓటు కూడా వెయ్యొచ్చు. నిజాంపేటలో మాత్రం వెయ్యలేదు. ఓసీఐ కార్డు తీసుకుంటే రావడం పోవడం బాధ లేదు. వ్యవసాయ భూమి కొనడానికి మాత్రం వీల్లేదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు.

అందరితోనూ సమంగా ఉండటం దేశానికి కుదిరినట్టు మనిషికి కుదరదు. దానికి ఒకటే సంతకం ఉంది. మా ఆవిడ "చేసెయ్యవే, పిల్లలకి సుఖం" అంటుంది. రాత్రి పడుకునే ముందు "అయితే మనమ్మాయి పరాయిదేశం మనిషేనా అండీ?" అంటుంది. నన్ను అడిగితే, నీ ఇష్టం అమ్మా అన్నాను. నిజంగా నా మనసులో ఏముందో నాకే సరిగ్గా తెలియదు.

ఫారం ఇంకా నింపలేదట. సంక్రాంతికి వస్తానంది. అక్కడ హైదరాబాదు ఇంట్లో కాదు నాన్నా, బాబాయి చెరువు గట్టు మీద కూర్చుని మాట్లాడదాం అంది. తమ్ముడికి చెప్పాను. అప్పటికి రెండో పట్టుబడి అయిపోతుంది, గట్టు మీద మోటార్ల చప్పుడు ఉండదు రమ్మన్నాడు.